పేరు తెలిస్తే కొయ్యని కత్తి

మా అవ్వ కత్తిని వాళ్ళు తలకిందులు చేశారు. ఎదుటి మనిషి పేరు తెలిస్తే ఆ మనిషిని కొయ్యని కత్తి అది. వాళ్ళు దాన్ని ఫోనులో ఆడే ఆటలో పెట్టి, పేరు తెలిస్తేనే కోసే కత్తిగా మార్చారు. గొర్లు కాసే ఆడమనిషి చేతిలో ఉండవలసిన దాన్ని తీసుకెళ్ళి ఒక యువరాజు చేతికిచ్చారు. అది చాలదన్నట్టు మా అవ్వను మంత్రగత్తెను చేశారు. ఈ పనులు చేసినవాళ్ళ పేర్లు నేనిక్కడ రాయడం లేదు (రాస్తే మా అవ్వ లెక్క ప్రకారం వాళ్ళను కొయ్యడానికి నాకు వీలుండదు).

ఆ రోజుల్లో, అంటే మన రాష్ట్రం మనకు వచ్చిన కొత్తలో, అచ్చంపేట చుట్టుపక్కల ఊళ్ళలోకి పెద్ద అద్దాల ఫోన్లు అప్పుడప్పుడే దిగుతున్నాయి. గొర్ల వెంట పోయేవాడికి ఒక చేతిలో కట్టె, ఒక చేతిలో ఫోను. మంద ఎవరి చేనులో పడిందో వాడికి తెలియదు గానీ ఢిల్లీలో ఎవరు ఎవరిని తిట్టారో తెలిసేది. నేను అప్పటికే కొలువు మానుకుని ఊరికి తిరిగొచ్చేశాను. బడికి పోయినవాణ్ణి కాదు. చిన్నప్పుడు గొర్లు, పెద్దయ్యాక మేళ్లచెరువు దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీ గేటు. బస్తాల మీది అక్షరాలు, లారీల వెనక రాతలు, మిర్చి బజ్జీలు చుట్టిచ్చిన పేపరు ముక్కలు, ఇవే నా బడి. (సగం చిరిగిన వార్త చదివి మిగతా సగం నేనే కల్పించుకోవడం అప్పుడే అలవాటైంది. ఇప్పటికీ పూర్తి పేపరు చేతికొస్తే చప్పగా ఉంటుంది.) గేటు దగ్గర నా ఉద్యోగమంతా ఒకటే మాట: "పేరేంది?" పెద్ద సారైనా, లారీ క్లీనరైనా, పేరు చెప్పందే గేటు తీసేవాణ్ణి కాదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ముందు ముందు నా పరువు తీయడానికి పనికొస్తుంది.

కత్తి సంగతికి వస్తాను. మా అవ్వ, అంటే మా బాపు తల్లి, పొద్దు గూకే వేళ వాకిట్లో కూర్చుని గొంగళ్ళకు ఉన్ని వడుకుతూ కథ చెప్పేది. వినేవాడు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే కథ ఆగేది, కదురు మాత్రం ఆగేది కాదు. నల్లమల అంచున గొర్లు కాసే ఒకామె, కొలిమి దగ్గర కష్టపడి సొమ్మసిల్లిన కమ్మరాయనకు గొర్రెపాలు పోసి బతికించిందట. ఆయన ఆమెకొక కత్తి చేసిచ్చాడు. బండను కోస్తే బండ తెగుతుంది, వాగును కోస్తే వాగు రెండు పాయలై గొర్లకు దారిస్తుంది. ఒకటే షరతు. పట్టుకున్న మనిషికి ఎవరి పేరు తెలుసో వాళ్ళను కొయ్యదు. కొన్నాళ్ళకు ఆమె మందను తోలుకుపోవడానికి రాజు సైన్యం వచ్చింది. ఆమె గొంగట్లోంచి కత్తి తీసి దారికి అడ్డంగా నిలబడింది. ఇక్కడికి రాగానే అవ్వ గొంతు తగ్గించేది. "గప్పుడు ఆమె ఏం జేసిందిరా? కత్తి లేపలే. మొదటి సిపాయి దగ్గరికి పోయి, 'నీ పేరేంది బిడ్డా?' అన్నది. వాడు జెప్పిండు. 'మీ అమ్మ పేరేంది?' అన్నది. గదీ జెప్పిండు. ఇగ వాణ్ణి కత్తి కొయ్యది. ఇంకో సిపాయిని అడిగింది. వాడూ జెప్పిండు. గట్ల అడుక్కుంట అడుక్కుంట పోయింది. ఆఖరి సిపాయి తల్లి పేరు జెప్పేసరికి కత్తి పదును పాడైంది, ఇనుము పాడైంది, కట్టె అయింది. తల్లుల పేర్లు జెప్పుకున్నంక కొట్టుకుంటరారా? అందరికి అంబలి పోసి తోలింది. గొర్లోళ్ళ చేతుల ఉండే కట్టె గదే. గా మూలకున్నది జూడు, గదే కత్తి." నేను మూలనున్న బాపు కట్టెను చూసి భయపడి ఊ కొట్టడం మరిచిపోయేవాణ్ణి. కథ ఆగేది.

ఇది వట్టి కథ కాదు, మా వాడ కట్టడి కూడా. పేరు పెట్టిన జీవాన్ని మావాళ్ళు కొయ్యరు, అమ్మరు. అందుకే మందలో దేనికీ పేరుండదు. నల్లది, బొల్లిది, కుంటిది, ఇవి పేర్లు కావు, గుర్తులు. ఒక ఏడు బీరప్ప పండుగకని బాపు ఒక పొట్టేలును వేరుగా కట్టేసి మేపాడు. మేపే పని నాకు పెట్టాడు, అదే ఆయన చేసిన పొరపాటు. అది నా జేబులో గుగ్గిళ్ళు వెతుక్కుని తినేది, నేను పడుకుంటే నా పక్కనే పడుకునేది. పండుగ నాడు చుట్టాలంతా వచ్చారు, మేనమామ కల్లు ముంత పక్కన పెట్టుకుని తొడకూర నాకేనని ముందే చెప్పిపెట్టాడు. బాపు కత్తి నూరుతుంటే నేను పోయి పొట్టేలు మెడ పట్టుకున్నాను.

"బాపూ, దీనికి పేరు పెట్టిన."

బాపు చేయి ఆగింది. "ఏం పేరు పెట్టినవ్ రా?"

"నా పేరే."

మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి గొల్లుమంది. బాపు కత్తి కింద పెట్టి, నన్నూ పొట్టేలునూ మార్చి మార్చి చూసి, ఎవరిని కొట్టాలో తేలక తన నెత్తి తానే కొట్టుకున్నాడు. అవ్వ మాత్రం కదురు ఆపకుండా, "పోరడు తన పేరు ఇచ్చిండు, ఇగ ఎట్ల కోస్తవ్? పప్పు పెట్టున్రి" అని తీర్పు చెప్పేసింది. చుట్టాలు పప్పుచారు తిని లేచారు. మేనమామ చాలాకాలం మా ఇంటి దిక్కు చూడలేదు ("అల్లుని పేరు జెప్పి నాకు పప్పు పోసిన్రు" అని ఊరూరా చెప్పుకున్నాడట). ఇక ఆ పొట్టేలు మా ఇంట్లోనే ముసలిదైంది. అమ్మ అన్నానికి పిలిస్తే ఇద్దరం పోయేవాళ్ళం, అదే ముందు చేరేది. చివరికి అది పోయిననాడు అమ్మ నా పేరు పెట్టి ఏడుస్తుంటే, నేనే పోయాననుకుని వాడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నేను గడపలో నిలబడి వాళ్ళకు మంచినీళ్ళిచ్చాను.

అలాంటి కత్తి అది. దాన్ని నా నోటితో నేనే బయటపెట్టాను. మా కూతురి బిడ్డ హైదరాబాదులో ఆటలకు కథలు రాసే కొలువులో చేరింది. ఆటలకు కథలెందుకో, రాసినందుకు జీతమెందుకో నాకు చాలాకాలం అంతుబట్టలేదు. ఒకసారి ఊరికి వచ్చి, "తాతా, కొత్త ఆట చేస్తున్నం. దాంట్ల మంత్రాల కత్తి ఒకటి గావాలె. దానికి ముందు వెనుక కథ గావాలె. నీ దగ్గర ఏమన్న ఉన్నదా?" అంది. ఇన్నేళ్ళకు ఒకరు అడిగారు! నేను గొంగడి పరిచి కూర్చున్నాను. పిల్ల ఫోను నా ముందు పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. మధ్యలో ఒకసారి, "తాతా, అవ్వ పేరేంది?" అంది. సైన్యం అప్పుడే వాగు దాటుతోంది, నేను మంచి ఊపులో ఉన్నాను. "అవ్వంటే అవ్వనే. నడుమ అడ్డం రాకు. ఊ కొట్టు" అన్నాను. పిల్ల నవ్వి ఊ కొట్టింది.

ఏడాది తిరిగాక ఆట వచ్చింది. నాకు దాన్ని చూపించింది మా పక్కింటి ఇల్లరికపు అల్లుడు. ఆయన అత్తగారింట్లో చేసే పని ఒక్కటే, మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోనులో జనాన్ని చంపడం. అత్త ఎంగిలి కంచం తీస్తూ, "లేవయ్యా జర" అంటే, "అత్తా, జర ఆగు, ఇంకొక్కణ్ణి చంపి వస్త" అనేవాడు. ఆయన పక్కన కూర్చుని నేను ఫోను అద్దంలోకి చూశాను. జుట్టు ఎగురుతున్న ఒక యువరాజు. చేతిలో నీలంగా మెరిసే కత్తి, పిడికి మణులు. గొంగడి లేదు, గొర్రెపాలు లేవు, కమ్మరాయన లేడు. అక్షరాలొస్తే కూడబలుక్కుని చదివాను: అడవి అంచున ఒక వృద్ధ మంత్రగత్తె ఈ ఖడ్గానికి శాపం పెట్టెను, శత్రువు పేరు పలికినచో ఖడ్గము మేల్కొని అతనిని సంహరించును. నా కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాను. మార్పు లేదు. అడవి అంచున కూర్చుని ఈ కత్తికి షరతు చెప్పింది మా అవ్వే, మరి ఆ మంత్రగత్తె ఇంకెవరు?

"గిదేందయ్యా, ఉల్టా ఉన్నది!" అన్నాను.

"ఉల్టా ఏం లేదు తాతా, మస్తుంటది. ముందుగాల వాని పేరు ఎర్కబెట్టాలె. పేరు కొట్టంగనే కత్తి మండుతది. గిట్ల!" అని ఒకడి పేరు నొక్కాడు. వాడు రెండు ముక్కలయ్యాడు.

యువరాజు పోతున్న దారిలో ఒక మూల గొర్ల దొడ్డి, దాని ముందర తల మీద కొంగు కప్పుకున్న ఒక ముసలామె కనిపించింది. "గామె ఎవరు?" అన్నాను. "ఎవరో ముసల్ది తాతా. గామెతోని ఏం పని లేదు, ఉత్తగనే కూసుంటది. దాటి పోవుడే" అన్నాడు అల్లుడు. "సరే దాటు, దాటు, కత్తి సంగతి జూపెట్టు" అన్నాను నేను కూడా. యువరాజు దాటి పోయాడు.

ఆ మర్నాడే మొదటి బస్సెక్కాను. భుజాన గొంగడి, చేతిలో బాపు కట్టె, కడుపులో మంట. మనుమరాలికి ముందుగా చెప్పలేదు (చెబితే వద్దంటుందని తెలుసు, అందుకని). ఆ కంపెనీ ఉన్న అద్దాల మేడ గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఆపి, "పేరు?" అన్నాడు. పాత ఉద్యోగం గుర్తొచ్చి, "పేరడిగే తీరు గట్ల గాదు తమ్మీ. మనిషి మొఖం జూసి అడగాలె" అని కాస్త నేర్పాను. పేరు చెప్పాను. అప్పుడు వాడు నా చేతిలోని కట్టె చూశాడు.

"కట్టె లోపటికి పోనియ్యం పెద్దాయనా. ఆయుధం కింద లెక్క."

"కట్టె ఆయుధమా! మరి లోపట మీరు జేసేటియేంది, పూలదండలా?"

చాలాసేపు వాదించుకుని కట్టె వాడికే అప్పజెప్పి లోపలికి పోయాను. అప్పుడు వాడి మీద చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మేడ మొత్తంలో మా అవ్వ కథను సరిగ్గా అర్థం చేసుకున్నవాడు వాడొక్కడే. మా బాపు కట్టెను చూసి కత్తి అని పోల్చుకున్నాడు.

లోపల అందరూ పిల్లలే. పెద్ద సారంటే ఎవరో అనుకున్నాను, మోకాళ్ళ దాకా నిక్కరేసుకున్న ఒక కుర్రాయన లేచి, "రండి అంకుల్" అని కుర్చీ వేసి, కాగితపు గ్లాసులో కాఫీ తెప్పించాడు. మా మనుమరాలు కంప్యూటరు ముందు నుంచి లేచి, నన్ను చూసి, పాలిపోయి నిలబడింది. నేను కాఫీ ముట్టకుండా మా అవ్వ కత్తి న్యాయం మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. నిజం చెప్పాలంటే ఆ కుర్రాయన శ్రద్ధగానే విన్నాడు.

"అంకుల్, కథ చాలా బాగుంది. కానీ ఆటలో చంపితేనే పాయింట్లొస్తయి. పేరడిగి వదిలేస్తే ఆడేటోడు ఏం జెయ్యాలె?"

"వాని అమ్మ పేరు అడగాలె."

"తర్వాత?"

"అంబలి పొయ్యాలె."

"తర్వాత?"

"తర్వాతేమున్నది, ఎవని ఇంటికి వాడు పోతడు."

"మరి ఆట?"

"ఆట ఖతం."

"అదే కదా అంకుల్ నా పరేషాన్, ఆట ఖతమైతుంది!" అన్నాడు కుర్రాయన. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదని ఇప్పుడు అనిపిస్తుంది, ఎవరికైనా నవ్వొచ్చే మాటే. అప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. మా అవ్వ మంత్రగత్తె అని రాసిన చేతులు విరిగిపోవాలన్నాను. "ఓ పిలగా, ఓ నిక్కరు సారూ, మీ ఇళ్ళల్ల అవ్వలు లేరా?" అన్నాను. చివరికి మనుమరాలి వైపు తిరిగి అందరూ వింటుండగా, "నీకు నమ్మి జెప్పితే అవ్వను అమ్ముకుంటివి గద బిడ్డా" అన్నాను. పిల్ల వచ్చి తలుపు తీసి పట్టుకుంది. నన్ను బస్టాపు దాకా నడిపించింది. దారిలో వాచ్‌మన్ దగ్గర కట్టె తీసుకుని నా చేతికిచ్చింది. బస్సు కనిపించినప్పుడు మాత్రం నోరు తెరిచింది.

"తాతా, ఇంత కథ జెప్పినవ్, ఇంత లొల్లి జేసినవ్. లోపట ఒక్కళ్ళ పేరన్న అడిగినవా? కాఫీ ఇచ్చిన సారు పేరన్న అడిగినవా?"

నేను బస్సెక్కాను. గేటు దగ్గర కూర్చుని జీవితమంతా వచ్చేపోయేవాళ్ళ పేర్లు అడిగి బతికిన మనిషిని, అడగవలసిన చోట అడగలేదు. ఆ సంగతి నాకు కల్వకుర్తి దాటాక తెలిసింది, అప్పటికి దిగి వెనక్కి పోయే వయసు కాదు.

అంతకుముందు ప్రతి ఆదివారం పిల్ల ఫోను చేసేది, ఆ తర్వాత ఆదివారాలు ఫోను మోగలేదు. మా కూతురు ఫోనులో, "దాని ఇజ్జత్ తీసినవ్ నాయినా, కంపెనీల తలెత్తుకుంటలేదు" అని నన్ను బాగానే కడిగింది. నేను ఒంటి వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఫోనులో రాయడం నేర్చుకున్నాను. "మంచిగున్నవా బిడ్డా" అని రాశాను. జవాబు లేదు. "వానలు పడ్డయి" అని రాశాను. జవాబు లేదు. "కత్తి సంగతి ఇడిసిపెట్టిన" అని అబద్ధం రాశాను. దానికీ జవాబు లేదు. పక్కింటి అల్లుడు చెప్పాడు, పిల్ల చదివినట్టు ఫోనులో టిక్కులు మాత్రం పడుతున్నాయని, అంతే. ఒక పొద్దున మాత్రం, ఎందుకో తెలియదు, కట్టె తుడుస్తూ కూర్చున్నవాణ్ణి కట్టె పక్కన పెట్టి, "గా నిక్కరు సారు పేరేంది?" అని రాశాను.

జవాబు అదే రోజు వచ్చింది. అది చదివి చెప్పులేసుకుని ఊళ్ళోకి బయలుదేరాను. ఒకే ఒక్క మాట తెలుసుకోవాలి, అంతే. బాపు లేడు, అమ్మ లేదు, పప్పుచారు తిని పోయిన మేనమామ కూడా లేడు. మా తాత బతికినన్నాళ్ళూ అవ్వను "ఓయ్" అనే పిలిచాడు, ఊరంతా గొర్లవ్వ అన్నది. ఊళ్ళో నాకంటే పెద్దవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఒకాయనకు వినబడదు. నేను అరిచి అడిగితే, ఆయన తన గొర్ల లెక్క చెప్పాడు. ఇంకొకామె కళ్ళు చికిలించి, "నీకు మతి ఉన్నదారా? పెద్దోళ్ళను పేరు పెట్టి అడుగుతరా?" అని తిట్టి పంపింది. అవ్వ పుట్టిల్లు దేవరకొండ దిక్కు ఏదో ఊరు. ఆ ఊరు కూడా ఏదో నాకు తెలియదు. తిరిగి తిరిగి ఇంటికొచ్చి గడపలో కూర్చున్నాను. భుజాన గొంగడేసుకుని, కట్టె పట్టుకుని, మా అవ్వ మా అవ్వ అని అద్దాల మేడ దద్దరిల్లేట్టు అరిచిన ముసలాయన గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఉన్నాను, కళ్ళద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. ఇది చదివేవాళ్ళలో ఆ దిక్కు గొర్లోళ్ళు ఎవరైనా ఉంటే, ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చూడండి. జవాబు నేను ఇంకా రాయలేదు. మా మనుమరాలు రాసింది ఇది:

"తాతా, సారు పేరు అడిగినవని సారుకే సూపెట్టిన. నవ్విండు. వచ్చినప్పుడు ఆయన్నే అడుగుమన్నడు. ఆట ఖతమైతదని నువ్వు అన్న మాట ఆయన మర్చిపోలే. కొత్తగ చేసేటప్పుడు ఆటను గట్లనే ఖతం చేద్దమంటుండు. మంత్రగత్తె అని రాసింది తీసేసినం. గొర్ల దొడ్డి కాడ ముసలామె ఉన్నది సూసినవా? ఆమెను మొదటి దినం నుంచే నేను కూసోబెట్టిన. ఇగ ఆమె దగ్గర ఆగి పేరడిగినోని చేతిల కత్తి కట్టె అయితది. అన్నీ అయినయి తాతా, పేరు జాగ ఒక్కటే ఖాళీ ఉన్నది. ఆ దినం అడిగితే ఊ కొట్టుమన్నవ్. ఇప్పుడన్న చెప్పు. అవ్వ పేరేంది?"